మాలలో మామిడి వాసన

నాగబాబు సిగరెట్ మానేశానని చెప్పుకున్న రోజున గల్ఫ్‌లో, ముసఫ్ఫాలోని మా వర్క్‌షాపులో అందరికీ లడ్డూలు పంచాడు. మేం వాటిని నోట్లో పెట్టుకునేలోగానే, ఆ మానేసిన మనిషి నోట్లోంచి బండెడు తెల్లటి ఆవిరి వచ్చింది. మామిడిపండు వాసన, దాని వెనకాలే దగ్గుమందు వాసన. మానేయడం ఇంత సులువని తెలియక మేమంతా ఇన్నేళ్ళూ అనవసరంగా బాధపడ్డామనిపించింది.

అతను మా ఫోర్‌మన్, రాజోలు దగ్గరి మనిషి. నేను స్టోర్‌కీపర్‌ని. భీమవరంలో బి.కాం. చదివే రోజుల్లో నాకు అంటుకున్న సిగరెట్ నాతో పాటే విమానమెక్కి ఈ దేశం వచ్చింది, నాతో పాటే ముసలిదైంది. లడ్డూలు పంచిన దగ్గర్నుంచి నాగబాబుకి నా మీద జాలి పుట్టింది. నేను పక్కన నిలబడితే ముక్కు మూసుకునేవాడు. పదేళ్ళు నా పెట్టెలోంచి సిగరెట్లు తీసుకుని కాల్చిన ముక్కే అది.

"రావుగారూ, ఇది పొగ కాదండి బాబూ, ఆవిరి. ఇడ్లీ పాత్ర మూత తీస్తే వచ్చేదేంటి? అదే ఇది" అన్నాడు ఒకసారి.

"ఇడ్లీ పాత్రని జేబులో వేసుకుని ఎవరూ తిరగరండి" అన్నాను.

అన్నాను కానీ, ఆ వేసవిలో నేనూ ఒక వేప్, అదే ఆ ఆవిరి పీల్చే కరెంటు సిగరెట్, కొన్నాను. కంపెనీ వాళ్ళు సిగరెట్ కాల్చే షెడ్డుని గేటు బయటికి, నీడ లేని చోటికి మార్చేశారు. జూలై ఎండలో అంత దూరం నడిచి కాల్చడం నా వయసుకి శిక్షలా ఉంది. వేప్ అయితే స్టోరులో వెల్డింగ్ రాడ్ల పెట్టెల వెనక కూర్చుని పీల్చుకోవచ్చు. పుచ్చకాయ, పుదీనా, మామిడి అని దుకాణంలో పిల్లల ఐస్‌క్రీములు పేర్చినట్టు పేర్చారు. తెలిసిన రుచి కదా అని మామిడి తీసుకున్నాను.

సిగరెట్‌కి కనీసం ఒక చివర ఉంటుంది. వేలు కాలుతుంది, పారేస్తాం, లేచి పనికి పోతాం. దీనికి చివర లేదు. పొద్దున కళ్ళు తెరవకముందే చెయ్యి దిండు కింద వెతుకుతుంది. రాత్రి పళ్ళు తోముకున్నాక కూడా ఒకసారి. మనిషన్నవాడు ఊపిరికి ఛార్జింగ్ పెట్టుకుని బతకడం ఎంత హీనమో, స్టోరులో ఫోను తీసేసి ఆ ప్లగ్గులో వేప్ పెట్టిన రోజున నాకు అర్థమైంది. నా భార్య విజయదుర్గ అంతకు ముందు ఏడే పోయింది. నా సిగరెట్ వాసనని ఇరవై ఏడేళ్ళు భరించిన మనిషి. ఈ మామిడి వాసన చూడకుండా వెళ్ళిపోయింది. దేవుడు ఆమెకి చేసిన చిన్న మేలుగా దాన్ని లెక్కలో వేసుకున్నాను.

మానాలనుకున్నాను. శుక్రవారం మానితే శనివారానికి మళ్ళీ మొదలు. మందుబిళ్ళలు, బబుల్‌గమ్‌లు అన్నీ అయ్యాయి. ఇక నాకు మిగిలిన ఒకే ఒక్క దారి అయ్యప్ప మాల. మేముండే లేబర్ క్యాంపులో మా బ్లాకు చివరి గదిలో ఏటా కార్తీకంలో పీఠం పెడతారు. మాల వేసుకున్నవాడు మండలం రోజులు పొగ తాగడు. తాగలేడు. చుట్టూ పది మంది స్వాములుంటారు, పడుకునేది వాళ్ళ మధ్య నేల మీద, తినేది వాళ్ళతోనే. నా మనసుకి లేని బలం ఆ గదికి ఉంటుంది. కిందటేడు భార్య పోయిన ఏటిసూతకం వల్ల వేసుకోకూడదన్నారు. ఈ ఏడు వేసుకున్నాను. యాభై నాలుగేళ్ళ కన్నెస్వామిని. వేప్ స్టోరులో నా లాకరులో పెట్టి తాళం వేశాను. ఈ మండలం దాటితే బయటపడతానని, దాటకపోతే ఇక ఎప్పటికీ లేదని నాకు తెలుసు.

మాల వేసింది అబ్బులు గురుస్వామి. పైప్ ఫిట్టరు, అరవై దాటినవాడు, కళ్ళకి శుక్లాలు. ఆయనకున్న దిగులు ఒకటే: సాంబ్రాణి. క్యాంప్ బాస్ దీపానికి ఒప్పుకున్నాడు, చిన్న కర్పూరం బిళ్ళకి ఒప్పుకున్నాడు, శరణుఘోష గొంతు తగ్గించి చెప్పుకోమన్నాడు. పొగ అలారం మోగుతుందని సాంబ్రాణి మాత్రం వద్దన్నాడు. సాంబ్రాణి లేని పూజ ఉప్పు లేని పప్పులా ఉందని గురుస్వామి ప్రతి ఏడాదీ బాధపడేవాడు.

నాగబాబుకి అది పద్దెనిమిదో మాల. పద్దెనిమిదోసారి కొండకి వెళ్ళేవాడు కొబ్బరి మొక్క తీసుకెళ్ళి నాటుతాడు, ఇక వాడూ గురుస్వామే. అతను అప్పటికే ఊళ్ళో తన ఫోటోతో ఫ్లెక్సీ వేయించాడు. నల్లబట్టల్లో, చెయ్యెత్తి ఆశీర్వదిస్తూ. ఆ ఫోటోని మాకందరికీ ఫోనులో పంపించాడు, ఎవరైనా చూడకుండా పోతారేమోనని రెండుసార్లు పంపించాడు.

మాల వేసిన మూడో రోజే అతని నల్ల లుంగీ ముడిలో ఏదో ఎత్తుగా కనిపించింది. బాత్‌రూముల దగ్గర మామిడి వాసన వచ్చింది. కిందటి పదిహేడుసార్లూ మాలలో సిగరెట్ ముట్టకుండా ఉన్న మనిషే. అది నిజం, కాదనను. ఈసారి అవసరం లేదనుకున్నాడు. స్వాములు గుసగుసలాడటం విని, భిక్ష దగ్గర ఆ మాట తనే ఎత్తాడు.

"స్వామీ, సేఫ్టీ షూ సంగతేంటి? మాలలో చెప్పులేసుకోకూడదు కదా. డ్యూటీలో తప్పదని మినహాయింపు ఇచ్చారా లేదా? ఇదీ అంతే. నిప్పు లేదు, బూడిద లేదు. నిప్పు లేనిది పొగెలా అవుతుంది?"

గురుస్వామి చాలాసేపు అన్నం కలుపుతూ కూర్చున్నాడు. అరవై దాటినవాళ్ళకి వీసా పొడిగించాలంటే ముదీర్ దగ్గర, అంటే మేనేజరు దగ్గర, ఫోర్‌మన్ ఒక మాట చెప్పాలి. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. చివరికి, నిప్పు లేనప్పుడు దోషం లేదనే అనుకోవాలి స్వామీ అన్నాడు ఆయన, అన్నం వైపే చూస్తూ. వెంటనే తక్కిన స్వాములకి ఎక్కడలేని జ్ఞానం వచ్చింది. ఆవిరి పట్టడం ఆయుర్వేదంలో ఉందన్నాడొకడు. హోమం కన్నా ఇదే నయం కదా అన్నాడు ఇంకొకడు. అతనికి ఓవర్‌టైం అంటే మహా ఇష్టం, అది రాసేది ఫోర్‌మనే. నేను నీళ్ళు తాగుతూ ఊరుకున్నాను. ఊరుకున్నది మర్యాద కొద్దీ కాదు. ఆ తీర్పు వినగానే నా లోపల ఏదో హాయిగా ఒళ్ళు విరుచుకుంది, దానికి సిగ్గుపడి ఊరుకున్నాను.

మరునాడు కంపెనీ బస్సులో మా డ్రైవరు అయూబ్ పక్కన కూర్చున్నాను. నెల్లూరు మనిషి, మేం మాలలో ఉన్నన్నాళ్ళూ బస్సులో సిగరెట్ వెలిగించడు. ఎవరూ అడగలేదు, తనే మానుకున్నాడు. అద్దంలోంచి వెనక నాగబాబుని చూస్తూ, అన్నా, మీ మాలలో అది చెల్లుతుందా అని అడిగాడు. చెల్లుతుందని తీర్పిచ్చారన్నాను.

"రోజాలో మాకు అది పీల్చినా ఉపవాసం ఖలాస్ అన్నా. గుటక మింగినా, ఆవిరి మింగినా ఒకటే" అన్నాడు. నాకు తలెత్తాలనిపించలేదు.

అయినా ఆ రోజు స్టోరుకి వెళ్ళగానే లాకరు తెరిచాను. వేప్ చల్లగా, తేలిగ్గా, నా కోసమే కాచుకుని ఉన్నట్టు ఉంది. పీల్చలేదు. ఛార్జింగ్ మాత్రం పెట్టాను. సాయంత్రానికి పచ్చ దీపం వెలిగింది. దాన్ని సంచిలో వేసుకున్నాను. భజన అయ్యాక ఒక్కసారి, బ్లాకు వెనకాల, తీర్పు ఉంది కదా అనుకున్నాను.

పీఠం వెనక ఒక దుప్పటి అడ్డంగా కట్టి ఉంటుంది. ప్రసాదం గిన్నెలు దాని అవతల పెడతారు. ఆ సాయంత్రం భజన మధ్యలో ప్రసాదం సర్దాలంటూ నాగబాబు దుప్పటి వెనక్కి వెళ్ళాడు. మేం గొంతులు తగ్గించి శరణాలు చెబుతున్నాం. దుప్పటి పైనుంచి తెల్లటి మబ్బొకటి లేచి, మెల్లగా వంగి, దీపం వెలుగులోకి వచ్చింది. నిజం చెప్పాలంటే అందంగానే ఉంది. పటం చుట్టూ తిరిగింది.

అబ్బులు గురుస్వామి పాట ఆపేశాడు. మసక కళ్ళు చికిలించి చూశాడు. రెండు చేతులూ చాచి ఆ మబ్బుని తన వైపు తోడుకుని కళ్ళకద్దుకున్నాడు. మళ్ళీ తోడుకుని నెత్తిన రాసుకున్నాడు.

"సాంబ్రాణి! ఇన్నేళ్ళకి వేశారా స్వామీ... మామిడిపండు నైవేద్యం పెట్టినట్టు ఎంత సువాసన" అన్నాడు. ఆయన చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

అందరి ముక్కులూ పనిచేస్తున్నాయి. నా పక్కనున్న కుర్ర స్వామి, గురుస్వామి చేశాడు కాబట్టి తనూ చెయ్యాలేమోనని చెయ్యి సగం ఎత్తి, నా మొహం చూసి దించేశాడు. దుప్పటి తొలగించుకుని నాగబాబు ప్రసాదం పళ్ళెంతో బయటికి వచ్చాడు. సాంబ్రాణి వేసింది మీరేనా స్వామీ అని గురుస్వామి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. నాగబాబు మా అందరినీ ఒకసారి చూశాడు. అప్పుడైనా నిజం చెబుతాడనుకున్నాను.

"అంతా అయ్యప్ప దయ స్వామీ" అన్నాడు.

భజన అయ్యాక నేను సంచి తీసుకుని బ్లాకు వెనక్కి వెళ్ళలేదు. నేరుగా కుళాయిల దగ్గరికి వెళ్ళాను. పళ్ళెం కడుగుతున్నట్టు నటిస్తూ నాగబాబు అక్కడే ఉన్నాడు. ఫోర్‌మన్‌ గొంతు ఎక్కడికో పోయింది.

"గురుస్వామికి చెప్పేత్తారా ఏంటండి రావుగారూ? పద్దెనిమిదోదండి. పరువు పోద్ది."

"చెప్పను. ఆ పెద్దాయన కళ్ళకద్దుకున్నది నీ నోట్లోంచి వచ్చిందని చెప్పే ధైర్యం నాకు లేదు" అన్నాను. అతన్ని 'నీ' అనడం నాకు అదే మొదలు. అతను సరిదిద్దలేదు. "కానీ రేపు నువ్వే అందరిలో చెప్పాలి. మాలలో ఇది కూడా కూడదని."

"మీకెందుకండీ అంత పట్టుదల?"

సంచిలోంచి వేప్ తీసి చూపించాను. "నీకు చెల్లితే నాకూ చెల్లుతుంది. నీకిచ్చిన ఆ తీర్పుతో నేను మండలం దాటలేను. అందుకు."

అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఇంత చదువుకుని మీరూనా అన్నట్టు నవ్వబోయాడు, మళ్ళీ ఏమనుకున్నాడో మానేశాడు.

మరునాడు సాయంత్రానికి అతను క్యాంప్ బాస్‌ని ఎలా బతిమాలుకున్నాడో గానీ, కిటికీ తెరిచి ఒక్క చిటికెడు నిజం సాంబ్రాణి వేసుకోవడానికి అనుమతి తెచ్చాడు. అబద్ధం నిలబెట్టుకోవడానికి మనిషి పడే శ్రమ నిజం కోసం ఎప్పుడూ పడడు. గురుస్వామి ఆ పొగ వాసన చూసి, బాగుంది స్వామీ, నిన్నటిదే ఇంకా బాగుంది అన్నాడు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

అప్పుడు నాగబాబు లేచి నిలబడ్డాడు. తప్పయిందంటాడని నేను ఆశపడలేదు, అది మంచిదైంది. ఫ్లెక్సీలోలాగే చెయ్యెత్తాడు. రాత్రి తనకి లోపలినుంచి ఒక ఆజ్ఞ వచ్చిందన్నాడు. పొగే కాదు, ఆవిరి కూడా దీక్షకి భంగమేనన్నాడు. పద్దెనిమిదో ఏడు మాల వేసినవాడు తక్కినవాళ్ళకన్నా కఠినంగా ఉండాలన్నాడు. ఎవరి దగ్గర ఆ పాడు యంత్రాలున్నా పీఠం ముందు పెట్టాలన్నాడు. ఆయుర్వేదం చెప్పిన స్వామి, నేను ముందే అనుకున్నాను స్వామీ అన్నాడు. గురుస్వామి లేచి వచ్చి నాగబాబు తల మీద చెయ్యి పెట్టాడు.

ఇంత చవకబారు మహాత్ముణ్ణి నా జన్మలో చూడలేదు. అయినా నాకు కావలసింది దొరికింది. ఎవరి చేతిలోంచి వచ్చిందో చూసుకుంటూ కూర్చుంటే నాలాంటివాడు బతకలేడు. నా వేప్ తీసి బిస్కట్ డబ్బాలో పెట్టాను. నాగబాబుది నా దాని కన్నా పెద్దది. దానికి తాడు కూడా ఉంది. గురుస్వామి డబ్బా మూసి పీఠం కింద పెట్టి దాని ముందు చాప పరుచుకున్నాడు.

తరువాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి ఏమీ లేదు. చెయ్యి ఊరికే జేబులోకి వెళ్ళేది. గ్లవ్స్ అడిగినవాడికి గాగుల్స్ ఇచ్చాను. వారం తిరిగాక ఒక మధ్యాహ్నం నాగబాబు స్టోరులోకి వచ్చాడు. ఏం కావాలని అడిగితే అరల వైపు చూశాడు. మొహం పీక్కుపోయి ఉంది. బయట ఎవరో అతని కోసం కేకేస్తున్నారు, యల్లా యల్లా అని.

"చచ్చిపోతన్నానండి రావుగారూ" అన్నాడు.

అతని మీద నాకు గౌరవం పెరగలేదు. ఆ ఆజ్ఞ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వెల్డింగ్ రాడ్ల పెట్టె మీద కొంచెం పక్కకి జరిగాను.

"నాకూ అలాగే ఉంది స్వామీ, కూర్చో" అన్నాను.