గేటాయన

“ఏవండీ, మళ్ళీ వచ్చాడు.”

హెడ్‌ఫోన్లు మెడ మీదికి జార్చుకుని ఆమె కుర్చీలోంచే కేకేసింది.

“ఎవడు?” పక్కగదిలో మంచం కిర్రుమంది.

“వాడే, సిస్టమ్ ప్రాసెస్. బయటికి వెళ్తాడట. పంపించాలా, ఆపాలా అని కంప్యూటర్ అడుగుతోంది.”

“గేట్ పాసుందా?”

“లేదు.”

“అయితే ఆపెయ్.”

ఆమె నవ్వుకుంటూ ‘ఆపు’ అన్నచోట నొక్కింది. తెర మూలన లేచిన పసుపుపచ్చ పెట్టె మాయమైంది. దాన్ని ఫైర్‌వాల్ అంటారు, కంప్యూటర్‌కి కాపలా. లోపలున్న ఏ ప్రోగ్రాం ఇంటర్నెట్‌లోకి వెళ్ళబోయినా అడ్డంపడి అడుగుతుంది. మంచిదే. కానీ అడిగిందే అడిగి ప్రాణం తోడేస్తుంది. ఆ పెట్టె అడుగున చిన్న గడి ఉంది, ‘నా జవాబు గుర్తుంచుకో’ అని. అందులో టిక్ పెడితే ఇక అడగదు. ఆ సంగతి ఆమెకి మొదట్నుంచీ తెలుసు. తెలిసే పెట్టలేదు.

ఆయనకి మిగిలిన పని అదొక్కటే మరి. సీసాల ఫ్యాక్టరీ గేటు దగ్గర జీవితమంతా నిలబడ్డ మనిషి. వీధిలో అందరికీ గేటాయనే, అసలు పేరు పోస్ట్‌మ్యాన్‌కి కూడా గుర్తులేదు. పెళ్ళైన కొత్తలో మరిచిపోయిన క్యారేజీ పట్టుకుని ఆమె వెళ్తే, పాసు లేదని సొంత పెళ్ళాన్ని ఎండలో నిలబెట్టాడు మహానుభావుడు. క్యారేజీని మాత్రం లోపలికి తీసుకున్నాడు. దానికి పాసు అక్కర్లేదట! పక్షవాతంతో ఎడమవైపంతా పడిపోయాక ఆ మనిషి గోడకేసి తిరిగి పడుకున్నాడు. తినమన్నా ఊఁ, మానమన్నా ఊఁ. ఒకరోజు ఈ పెట్టె లేస్తే ఆమె విసుగ్గా, “పంపాలో ఆపాలో మీరే చెప్పండి” అంది. ఆయన తల ఇటు తిప్పాడు. “ఎవరది? ఎక్కడికట?” అన్నాడు. ఆ పాత గొంతు విని ఆమెకి ఏడుపొచ్చింది.

అప్పట్నుంచీ రోజూ ఇదే తంతు. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని, టైపు చేసి, ఆఫీసుకి పంపడం ఆమె పని. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పక్కన పిడుగు పడ్డా తెలీదు. పెట్టె అడిగినప్పుడల్లా అవి తీస్తుంది, ఆయన్ని కేకేస్తుంది, పనిలో పనిగా వెళ్ళి దిండు సరిచేసి నాలుగు గుక్కలు నీళ్ళు తాగించి వస్తుంది. మధ్యలో ఆమె కావాల్సొస్తే ఆయన మెడలో విజిల్ ఉంది. డ్యూటీలో ఊదిన విజిలే. దాని కూత ముందు హెడ్‌ఫోన్లు ఏపాటి!

ఆ వేళ పొద్దున్నే సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. “మీ ఫైళ్ళు సగంలో తెగిపోతున్నాయండీ. ఇవాళ కూడా ఇలాగే అయితే పని ఇంకొకరికి ఇచ్చేస్తామంటున్నారు.” ఆ పని పోతే ఇల్లు గడవదు. కంప్యూటర్లు బాగుచేసే తమ్ముణ్ణి పిలిపించింది.

వాడు వైరస్ ఉందేమోనని వెతికాడు, కేబుల్ మార్చాడు, ఆ ప్రాసెస్ ఎక్కణ్ణుంచి లేస్తోందో చూశాడు. చివరికి, “ఇది దొంగ కాదక్కా. కంప్యూటర్ సొంత మనిషి. నెట్ పనులన్నీ వీడి చేతిమీదుగానే జరగాలి. వీణ్ణి ఆపినప్పుడల్లా నీ ఫైలు తెగుతోంది. ఇంటి మనిషిని పట్టుకుని గేటు దగ్గర ఆపుతున్నదెవరు?” అన్నాడు గట్టిగా.

“మెల్లగా మాట్లాడరా” అని ఆమె వారించేలోపే పక్కగదిలోంచి జవాబొచ్చింది.

“నేనే.”

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ఆయన కుడిచేత్తో దుప్పటి అంచు నలుపుతున్నాడు.

“ఇన్నాళ్ళూ మీ అక్క పనికి నేనే అడ్డం పడ్డానన్నమాట.”

“పెళ్ళాన్నే ఆపినవాడివి బావా, ప్రాసెస్ ఓ లెక్కా నీకు?”

ఆయన నవ్వాడు. నవ్వుతూనే మెడలోంచి విజిల్ తాడు తీయబోయాడు. ఒక్క చేత్తో రాలేదు. తమ్ముడు సాయం పట్టాడు.

“వాణ్ణి ఇక ఆపొద్దు, టిక్ పెట్టెయ్. ఇది తీసుకెళ్ళి కంప్యూటర్‌కి తగిలించు. డ్యూటీ దానికి అప్పజెప్పేశాను.”

“చాల్లెండి మీ సరసం” అందే గానీ ఆమె కూడా నవ్వింది. ఆయన నొచ్చుకున్నాడని తెలుసు. సాయంత్రం తీరిగ్గా కూర్చుని మాట్లాడాలనుకుంది. తమ్ముడు టిక్ పెట్టి, విజిల్ మానిటర్ మూలకి తగిలించి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆయనకి అన్నం తినిపించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆమె పనిలో కూర్చుంది. పెట్టె ఒక్కసారీ లేవలేదు. ఒక ఫైలు వెనక ఒకటి ఆటంకం లేకుండా వెళ్ళిపోయాయి. అబ్బ, ఎంత హాయి, అనుకుంది. ఆ అనుకున్న మాటే తర్వాత ఆమెని కాల్చుకుతింది.

పొద్దు వాలేవేళ సూపర్‌వైజర్ మళ్ళీ ఫోన్ చేసి అన్నీ చక్కగా వచ్చాయంది. ఆమె గబగబా లేచింది. “ఏవండీ, పని నిలబడింది!” అంటూ గదిలోకి వెళ్ళింది. నీళ్ళగ్లాసు మంచం కింద పడి ఉంది. నేల మీద నీళ్ళు అప్పటికే ఆరిపోయాయి. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఒళ్ళు చల్లగా ఉంది. కుడిచెయ్యి మెడ దగ్గర, రోజూ విజిల్ ఉండేచోట, పిడికిలి బిగించి ఉంది.

“నిద్రలోనే పోయాడక్కా” అన్నాడు తమ్ముడు, పరుగున వచ్చి.

“నిద్రలో పోయిన మనిషి చెయ్యి అక్కడెందుకుందిరా?”



అంతా అయిపోయి, వచ్చినవాళ్ళు వెళ్ళాక, ఓ ఉదయం ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని ఆ టిక్ ఎక్కడుందో వెతికి తీసేసింది. కాసేపటికి పసుపుపచ్చ పెట్టె లేచింది. పంపించాలా, ఆపాలా?

“ఏవండీ, మళ్ళీ వచ్చాడు” అంది.

మంచం కిర్రుమనలేదు. ఆమె దేన్నీ నొక్కలేదు. పెట్టె అలాగే అడుగుతూ ఉండిపోయింది. దాని పక్కనే, ఆయన మెడ చెమటకి నల్లబడ్డ తాడుతో, విజిల్ వేలాడుతోంది.