జానెడు దారం

నేను ఒక లేసు సూదిని. సూది అనగానే బెజ్జం కోసం వెతకకండి. నాకు బెజ్జం లేదు, మొనన చిన్న కొక్కెం ఉంది. దారాన్ని కొక్కేనికి తగిలించి లాగడం, లాగినదాన్ని వెనకటి అల్లికలోంచి తీయడం, మళ్ళీ లాగడం, నా బతుకంతా ఇంతే. ఇంత చిన్న పనికి ఆత్మకథ ఎందుకని మీరు అడగవచ్చు. ఇంతకన్నా చిన్న పనులు చేసినవాళ్ళు లావుపాటి పుస్తకాలు రాసుకున్నారు కనుక నాకేమీ మొహమాటం లేదు.

పుట్టుకతో నేను గొడుగు ఊచని. నరసాపురం బజారులో గొడుగులూ తాళాలూ బాగుచేసే మీరాసాహెబు ఒక ముసురు రోజున పాడైపోయిన గొడుగును విప్పాడు. అందులో వంకరపోని ఊచ ఒకటి ఏరి, ముక్క కోసి, ఆకురాయితో అరగదీసి, కొక్కెం తీర్చి, వెదురు పిడిలో దిగ్గొట్టాడు. వానలో తడిసే పని తప్పి నీడపట్టున ఉండే పని దొరికిందని ఎంత మురిశానో! నన్ను కొనుక్కున్నది సువార్తమ్మ. ఆమె కొత్తగా కాపురానికి వచ్చిన రోజులవి. నన్ను వేళ్ళ మధ్య తిప్పి చూసి, "బాగానే ఉంది గానండి, కొక్కెం దారాన్ని కొరికేస్తదేమో" అంది. మీరాసాహెబు ఆమె ఎదుటే మరోసారి నున్నగా రుద్ది ఇచ్చాడు. అప్పటి నుంచి నా మకాం సువార్తమ్మ కొప్పు. పని ఆపి లేచినప్పుడల్లా నన్ను తలలో గుచ్చుకునేది. పొయ్యి దగ్గరికి, కుళాయి దగ్గరికి, చర్చికి, ఆమె ఎక్కడికి వెళితే నేనూ అక్కడికే. అందుకే ఈ కథంతా నా కళ్ళెదుటే జరిగిందని చెప్పగలుగుతున్నాను.

మా పేటలో అల్లిన లేసు ఓడలెక్కి ఎక్కడెక్కడి దేశాలకో పోయి, అక్కడివాళ్ళ భోజనాల బల్లల మీద పరుచుకుంటుందట. అల్లిన ఆడవాళ్ళకేమో బల్లలు లేవు. నేల మీద కూర్చుని తింటారు, అదే నేల మీద కూర్చుని అల్లుతారు. ఇంకో విడ్డూరం కూడా చెప్పాలి. మొదటి నుంచి చివరిదాకా ఒక్క మనిషే ఒక లేసు ముక్కను చేయడం మా దగ్గర లేదు. పువ్వులు అల్లేవాళ్ళు పువ్వులే అల్లుతారు. వాటిని ఒకదానితో ఒకటి కలపడం వేరేవాళ్ళ పని, దాన్ని అతుకుపని అంటారు. అంచులు కట్టేవాళ్ళు ఇంకొకరు. సువార్తమ్మది పువ్వుల పని. ఆమె తల్లిదీ అదే. తన పువ్వులన్నీ కలిసి చివరికి ఏమయ్యాయో ఆమె ఎప్పుడూ చూసింది లేదు.

పువ్వుల పనిలో ఒక కట్టడి ఉంది. పువ్వు పూర్తయ్యాక దారాన్ని దగ్గరగా కత్తిరించకూడదు. జానెడు కొస వదలాలి. అతుకుపని చేసే మనిషి ఆ కొసను పట్టుకునే ఆ పువ్వును పక్కపువ్వుతో కలుపుతుంది. కొస లేని పువ్వు ఎందుకూ పనికిరాదు. సువార్తమ్మ వేళ్ళకు ఈ సంగతి ఎంతగా అలవాటైపోయిందంటే, చిరిగిన రవికకు అతుకు వేసుకున్నా కూడా చివర జానెడు దారం వేలాడుతూనే ఉండేది. "అక్కా, నీ చెయ్యి ఎవరికోసమో ఎప్పుడూ దారం చాపుతానే ఉంటది" అని నవ్వేది దీనమ్మ.

దీనమ్మ సువార్తమ్మకు తోడికోడలు, మరిది ఏబేలు భార్య. ఆమెది అతుకుపని. ఇద్దరి ఇళ్ళకూ మధ్య తడికె ఒక్కటే అడ్డం. ఈమె పువ్వులు అల్లి తడికె మీదుగా అందించేది, ఆమె అందుకుని కలిపేది. తోడికోడళ్ళంటే పోట్లాడుకోవాలని లోకం అనుకుంటుంది గానీ, వీళ్ళకు అంత తీరిక ఎక్కడిది?

ఏటా క్రిస్మస్ ముందు మా చర్చిలో చెట్టు పండుగ చేస్తారు. సముద్రం వైపు తోటల్లోంచి పెద్ద సరుగుడు కొమ్మ తెచ్చి నిలబెడతారు. బడికి పోని చిన్నపిల్లలందరికీ ఆ కొమ్మకు ఒక్కో బహుమానం వేలాడుతుంది. పేరు పిలవగానే పిల్ల వెళ్ళి తీసుకోవాలి. దీన్ని మొదలుపెట్టిన చర్చి పాస్టరు అయ్యగారి భార్య ఒక్క నియమం పెట్టింది. కొన్న వస్తువు కట్టకూడదు, ఇంట్లో చేతితో చేసిందే కట్టాలి. కలిగినవాళ్ళ పిల్ల చేతిలో ఒకటీ, లేనివాళ్ళ పిల్ల చేతిలో ఇంకొకటీ కనబడకూడదని ఆమె ఉద్దేశం. దీనమ్మకు కూతురు ఎస్తేరు పుట్టాక ఆ చెట్టుకు ఏటా ఒక లేసు వస్తువు చేరేది. ఒక ఏడు టోపీ, ఒక ఏడు చిన్న సంచి. పువ్వులు పెద్దమ్మవి, అతుకు అమ్మది. సువార్తమ్మకు పిల్లలు లేరు.

ఒక ఏడు వానల్లో దీనమ్మకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమేనని కషాయాలు కాచారు. పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళేసరికి చెయ్యి దాటిపోయింది. మంచం పక్కన సువార్తమ్మ కూర్చుని ఉంది, ఆమె కొప్పులో నేను. "అక్కా, పిల్ల..." అంది దీనమ్మ. "నా దగ్గరే ఉంటదిలే. నువ్వు బెంగెట్టుకోకు" అంది సువార్తమ్మ. ఆ మాట ఆమె ఆ తరువాత ఎన్నిసార్లు తనలో తాను అనుకుందో, కొప్పులో ఉన్న నాకు తెలుసు.

ఏబేలు పడవ మీద పనికి వెళితే వారాల తరబడి రాడు. అందుకని ఎస్తేరు తడికెకు ఇవతలికి వచ్చింది. నాలుగేళ్ళ పిల్ల. వచ్చింది గానీ మాట్లాడదు. సువార్తమ్మ కలిపి పెట్టిన ముద్ద తినదు, కంచం తన ముందు పెట్టి అవతలికి పోతే అప్పుడు తింటుంది. వాళ్ళమ్మ పనిసంచి ఒక్కటే ఎప్పుడూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అందులో ఉన్నవి సువార్తమ్మ ఆఖరిసారిగా అందించిన పువ్వులు. దీనమ్మ కలపకుండానే వెళ్ళిపోయిన పువ్వులు. ఎస్తేరు ఒక్కో పువ్వును తీసి, దాని కొసను వేలికి చుట్టి బిగించి పట్టుకుని, అలాగే చూస్తూ ఉండేది. దారంతో ఆడుకుంటోందని మేమంతా అనుకున్నాం. దారం పంచి అల్లినవి పట్టుకుపోయే మనిషి వచ్చి ఆ పువ్వులు అడిగితే, సువార్తమ్మ వాటిని ముట్టుకోకుండా కొత్త పువ్వులు అల్లి లెక్క సరిపెట్టింది.

ఎస్తేరు అమ్మమ్మ తణుకు దగ్గర పల్లెలో ఉంటుంది. చూపు మందగించిన మనిషి, పేరు మరియారతనం. ఒకరోజు వచ్చి మనవరాలి పక్కన చాలాసేపు కూర్చుని, వెళ్ళేముందు గుమ్మంలో ఆగింది.

"సువార్తమ్మా, నిన్ను తప్పు పట్టటంలేదు. నువ్వు చేసేది చేస్తన్నావు. కానీ పిల్ల నీ దగ్గర ఇమడట్లేదమ్మా. చిక్కిపోయింది. చెట్టు పండక్కి వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే నాతో తీసుకుపోతాను."

"నేను మాటిచ్చాను పిన్నీ."

"నువ్వు ఇచ్చావు. పిల్ల ఇవ్వలేదుగా."

ఆ రోజు సువార్తమ్మ నన్ను చేతిలోకి తీసుకుని కూడా చాలాసేపు ఒక్క పోగు లాగలేదు.

తరువాత ఆమెకు ఒక పట్టుదల పట్టుకుంది. చెట్టుకు ఎస్తేరు పేరున ఒక బొమ్మ కట్టాలి, అది మొత్తం తానే చేయాలి. పక్కింటి సలోమిది అతుకుపనే. "పువ్వులు ఇలా పడెయ్యండి వదినా, ఒక పూటలో అతికేస్తాను" అంది ఆమె మంచిగానే. సువార్తమ్మ వినలేదు. "ఒద్దమ్మా. దాని తల్లి చేసే పని ఇంకోళ్ళతో చేయించి ఇస్తే, అది నా దగ్గర ఎందుకుంటది?" అంది. మనుషుల పట్టుదలలు నాకు అర్థం కావు. రాని పనిని రాదని ఒప్పుకుంటే ఎంత హాయి! అయినా ఆ మధ్యాహ్నాలన్నీ నేను ఆమెకు మనసారా పనిచేశాను. తలకు ఒక పెద్ద పువ్వు, ఒంటికి కొన్ని, చేతులకూ కాళ్ళకూ చిన్న చిన్నవి. అంత మంచి పువ్వులు మేమిద్దరం ముందెప్పుడూ అల్లలేదు.

అల్లడం వరకే మా విద్య. కలపడానికి వచ్చేసరికి నన్ను ఎలా వాడాలో ఆమెకు తెలియదు, ఎలా తిరగాలో నాకూ తెలియదు. నన్ను పక్కనబెట్టి బట్టలు కుట్టే సూదితో, మామూలు దారంతో కుట్టింది. పొట్టలో దూది కూరితే పువ్వుల సందుల్లోంచి బయటికి వచ్చింది. ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి వెనక్కి. అన్నిటికంటే పెద్ద పొరపాటు ఆమెకు కనిపించనే లేదు. ఒక్క పువ్వుకు కూడా కొస కత్తిరించలేదు. ఎలా కత్తిరిస్తుంది? కొస కత్తిరించడం ఆ చేతులు పుట్టి బుద్ధెరిగి చేసిన పని కాదు. బొమ్మ ఒళ్ళంతా జానెడేసి దారాలు వేలాడుతున్నాయి.

చెట్టు పండుగనాడు చర్చి నిండిపోయింది. సరుగుడు కొమ్మకు రంగు కాగితాల గొలుసులు, దాని నిండా గుడ్డ ఏనుగులు, తాటాకు గిలకలు, కొబ్బరిచిప్ప గిన్నెలు, లేసు టోపీలు. వాటి మధ్య మా బొమ్మ. ముందు వరసలో ఎవరో, "సువార్తమ్మ బొమ్మకు గెడ్డాలు మొలిచినియ్యే" అన్నారు. నవ్వు ఒక వరస నుంచి ఇంకో వరసకు పాకింది. చెడ్డ నవ్వు కాదు, పండుగ నవ్వే. కానీ సువార్తమ్మ చెవులు వేడెక్కడం కొప్పులో ఉన్న నాకు తగిలింది. అప్పుడుగానీ ఆమెకు ఆ కొసలు కనబడలేదు. "అయ్యో, నా తండ్రీ" అని గొణుక్కుంది. వెనక వరసలో మరియారతనం కూర్చుని ఉంది. ఆమె పక్కన పిల్ల బట్టలు సర్దుకోవడానికి తెచ్చిన ఖాళీ సంచి ఉంది.

ఆదివారపు బడి టీచరమ్మ ఒక్కో పేరూ పిలుస్తోంది. పిల్లలు పరుగున వెళ్ళి తీసుకుని తల్లుల ఒళ్ళోకి దూకుతున్నారు. "ఎస్తేరు" అని పిలిచింది. ఎస్తేరు నిదానంగా నడిచి వెళ్ళింది. బొమ్మను అందుకుంది. అందుకోగానే వెనక్కి వంగిన చెయ్యి కాస్తా ఊడి, ఒక్క దారం మీద వేలాడింది. మళ్ళీ నవ్వు. సువార్తమ్మ కళ్ళు మూసుకుంది. నాకు కూడా చూడాలని లేదు. ఇంతకాలం కొప్పులో ఉండి గర్వపడ్డానే, ఆ క్షణంలో ఎక్కడన్నా జారిపడిపోతే బాగుండుననిపించింది.

ఎస్తేరు బొమ్మను తిప్పి తిప్పి చూసింది. ఒక కొస పట్టుకుంది. వేలికి చుట్టి బిగించింది. ఇంకో కొస చూసింది, ఇంకొకటి చూసింది. తరువాత నడుస్తూ అమ్మమ్మ వరస దాటి, సలోమిని దాటి, సువార్తమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, ఇది ఇంకా అవ్వలేదు" అంది.

ఆ ఇంటికి వచ్చాక ఆ పిల్ల ఆమెతో అన్న మొదటి మాట అది.

"అతకాలి. నేను దారం పట్టుకుంటాను. అమ్మ నన్నే పట్టుకోమనేది."

అంటూనే ఆమె ఒళ్ళోకి ఎక్కి కూర్చుని, ఊడిన చేతి కొసను వేలికి చుట్టి బిగించి పట్టింది. అప్పుడు తెలిసింది మాకు, ఇన్నాళ్ళూ ఆ పిల్ల సంచి ముందేసుకుని చేస్తున్నది ఆట కాదని. కొస బిగించి పట్టుకుని, కలపడానికి వచ్చే చెయ్యి కోసం చూస్తోంది. ఆ కొసలు ఉన్నాయి గనుకే ఆ బొమ్మలో తనకు పని దొరికింది. సువార్తమ్మ నన్ను కొప్పులోంచి తీసింది.

"నాకు రాదే అమ్మా" అంది.

"ఇటుపక్క నించి తియ్యి. ఆ, అందులోంచి. ఇప్పుడు లాగు."

లాగాను. ఒక పువ్వులోంచి ఇంకో పువ్వులోకి వెళ్ళడం నా బతుకులో అదే మొదలు. చుట్టూ పేర్లు పిలుస్తూనే ఉన్నారు, పిల్లలు గోల చేస్తూనే ఉన్నారు. సువార్తమ్మ కన్నీళ్ళు నా పిడి మీద పడుతున్నాయి. గొడుగులో ఉన్నప్పుడు తడిసినందుకు విసుక్కునేదాన్ని, ఆనాడు విసుగనిపించలేదు. మరియారతనం దగ్గరికి వచ్చి, మసక చూపుతో వంగి ఆ నాలుగు చేతులనూ చాలాసేపు చూసింది. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

బొమ్మ పూర్తవడానికి పండుగ దాటి చాలా రోజులు పట్టింది. దీనమ్మ సంచిలోని పువ్వులు కూడా అందులో కలిశాయి. అతికిన కొసలన్నీ అల్లికలోకి దూర్చి కత్తిరించారు. చివరికి ఒక్క కొస మిగిలితే ఎస్తేరు దాన్ని కత్తిరించనివ్వలేదు. దాన్ని వేలికి చుట్టుకునే నిద్రపోయేది.

ఎస్తేరు పెద్దదై పువ్వులూ నేర్చింది, అతుకూ నేర్చింది, అంచులూ నేర్చింది. ఒక ముక్కను మొదటి నుంచి చివరిదాకా చేయగలిగిన మనిషి మా పేటలో ఆమె ఒక్కతే అయింది. సువార్తమ్మ వేళ్ళు వంకరపోయాక నేను ఎస్తేరు చేతికి మారాను. నా కొక్కెం అరిగింది, వెదురు పిడి రెండుసార్లు మారింది. చెట్టు పండుగకు ఇప్పుడు కొన్న బొమ్మలే కడుతున్నారు. బ్యాటరీ వేస్తే అవి పాడతాయి కూడా. వాటిని చూసి నేను కుళ్ళుకోను. వాటికి చేయవలసిన పని ఇంకేమీ మిగల్లేదు కదా అని జాలిపడతాను.

మొన్న శీతాకాలంలో సువార్తమ్మ పోయింది. ఆమె మంచాన ఉన్న నెలల్లో ఎస్తేరు అల్లిన లేసు గుడ్డనే శవపెట్టెలో ఆమె మీద కప్పారు. ఆ పువ్వులన్నీ, ఆ అతుకులన్నీ నా కొక్కెం మీదుగానే వెళ్ళాయి. తెల్లటి గుడ్డ మెడ నుంచి పాదాల దాకా పరిచారు. ఒక మూల జానెడు కొస కత్తిరించకుండా వదిలేసి ఉంది. సలోమి ముసలిదైపోయింది, అయినా పని తెలిసిన మనిషి చూపు ఎక్కడికి పోతుంది? కత్తెర అందించి, "కొస మర్చిపోయావే, కత్తిరించు" అంది.

"మర్చిపోలేదత్తా" అంది ఎస్తేరు. "అవ్వలేదు ఇంకా."

నన్ను తన కొప్పులో గుచ్చుకుంది. పాట మొదలైంది. మూత వేసినప్పుడు ఆ జానెడు దారం పెట్టె అంచున బయటే ఉండిపోయింది. లోపలికి నెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.