పావు అంగుళం

1979లో అమెరికాలో, మిల్వాకీ ఊళ్లో కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. మంచు హాకీ గోలీ డగ్ ముందుపళ్లు రెండు ఊడగొట్టుకుని అక్కడికే వచ్చాడు. గోలీ అంటే గోల్ ముందు నిలబడి, గంటకి తొంభై మైళ్ల వేగంతో వచ్చే రబ్బరు బిళ్లని ఒంటితో ఆపేవాడు. ఇదీ ఒక ఉద్యోగమేనా అని మా ఆవిడ వసంతకుమారి ముక్కున వేలేసుకుంది. అయినా ఆదివారాలు ఇంటికి పిలిచి గోంగూర మాంసం వడ్డించేది.

ముఖం మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీయడం నాకు తెలిసిన పనే. అతనికి ఫైబర్‌గ్లాస్ మాస్కు చేసిపెట్టాను. నాలుగు ఆటలయ్యాక దాన్ని తిరిగి తెచ్చాడు.

"కాళ్ల దగ్గర బిళ్ల కనబడట్లేదు జయరాజ్. మొన్న రెండు గోల్స్ అలాగే పోయాయి. ఇంకోసారి పోతే టీమ్‌లోంచి తీసేస్తారు. కంటి కన్నాలు కొంచెం పెద్దవి చెయ్యి."

అతను వెళ్లాక, అంతకుముందు తను నాకు బహుమతిగా ఇచ్చిన హాకీ కర్ర పిడిని కన్నానికి ఆనించి చూశాను. పావు అంగుళం అరగదీస్తే చాలు, పిడి సూటిగా కంట్లోకి దిగుతుంది. కుదరదని చెప్పాలి. మా ఇంట్లో తిన్న మనిషి, అడక్క అడక్క అడిగాడు. పాడు మొహమాటం! అరగదీసి ఇచ్చాను.

ఆ రోజు పట్టుకుంది భయం. ఊళ్లో ప్రతి ఆటకీ వెళ్లేవాణ్ణి. గోల్ ముందు నలుగురు గుమిగూడి కర్రలు లేచాయంటే నా పై ప్రాణాలు పైనే పోయేవి. చర్చిలో అందరూ పిల్లల చదువుల కోసం ప్రార్థిస్తుంటే, నేను డగ్ కళ్ల కోసం ప్రార్థించేవాణ్ణి.

"ఫోన్ చేసి చెప్పెయ్యొచ్చుగా. ఒక్క సారీతో అయిపోయేదానికి!" అనేది వసంత.

"ఈ సీజన్ అవ్వనీ," అనేవాణ్ణి.

అలా ఏడేళ్లు. డగ్ పేరు మోగిపోయింది. పేపర్ వాళ్లు అడిగితే "ఈ మాస్కే నా లక్" అనేవాడు. అది చదివినప్పుడల్లా నిజం చెప్పడం నాకు మరింత కష్టమయ్యేది.

1986లో రెండు కళ్లతో రిటైరయ్యాడు. మోకాళ్ల మీద పడి దేవుడికి స్తోత్రం చెల్లించాను.

నెల తిరక్కుండా పదమూడేళ్ల కూతురు కేటీని వెంటబెట్టుకుని ల్యాబ్‌కి వచ్చాడు. ఆ పిల్లా గోలీయేనట. నా ముందు పాత మాస్కు పెట్టాడు.

"మా పిల్లకి ఇలాంటిదే కావాలి. కన్నాలు కూడా అచ్చం ఇంతే."

కేటీని కుర్చీలో పడుకోబెట్టి ప్లాస్టర్ కలిపాను. ఊపిరాడ్డానికి ముక్కులో గొట్టాలు పెట్టేసరికి పిల్ల భయపడి నా వేలు గట్టిగా పట్టుకుంది. గిన్నె కింద పెట్టేశాను.

"ఇలాంటిది చెయ్యను డగ్."

పక్కనే గోడకి ఆనించి ఉన్న ఆ పాత కర్రని రెండో చేత్తో అందుకుని, అతని మాస్కు కన్నంలోకి పిడి దూర్చాను. అటువైపుకి రెండంగుళాలు వచ్చింది. డగ్ ఎడమ కంటి మీద చెయ్యి వేసుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

"ఈ సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?"

"అరగదీయక ముందే."

కేటీ నా వేలు వదిలేసింది.