కంప్యూటర్లో వాలిన పిచ్చుక

ఆ వీధిలో ఎవరింట పిల్ల పుట్టినా మొదటి గౌను మీద పిట్టో పువ్వో పిన్ని చేత్తో కుట్టిందే అయి ఉండాలి. ఆవిడ ఎవరికి పిన్నో ఎవరూ ఆరా తీయలేదు. పాలవాడికీ పిన్నే, పంపులు బాగుచేసేవాడికీ పిన్నే, ఆఖరికి ఆవిడకంటే పెద్దదైన ఎదురింటావిడకి కూడా పిన్నే. దాంతో ఆవిడ మొగుడు, ఏళ్ల తరబడి ఇళ్లకు కరెంటు వైర్లు లాగి ఈమధ్యనే పని మానేసిన పెద్దమనిషి, ఏ వరసా కలుపుకోకుండానే అందరికీ బాబాయి అయిపోయాడు.

పిన్నికి పనంతా బజారులో ఉన్న పిల్లల బట్టల దుకాణం నుంచి వచ్చేది. దుకాణం నడిపే అమ్మాయి గుడ్డ పంపిస్తుంది, కుట్టవలసిన బొమ్మని ఫోన్‌లోని ఒక ఆప్‌లో పంపిస్తుంది. పిన్ని ఫోన్ మీద పల్చటి కాగితం పరుస్తుంది, అడుగునుంచి వెలుగుతున్న గీతల మీదుగా పెన్సిల్ పోనిస్తుంది, ఆ కాగితాన్ని గుడ్డ మీదికి దించుకుని కుడుతుంది. ఫోన్‌లో బొమ్మ ఎంత ఉంటే గుడ్డ మీదా అంతే. ఆ అమ్మాయి బొమ్మని సరిగ్గా కొలతకు కుదించి పంపేది కాబట్టి పిన్ని ఏనాడూ టేపు పట్టి కొలిచిన పాపాన పోలేదు. అవసరం పడితే కదా!

ఈమధ్య మాత్రం పని సాగడం లేదు. పెన్సిల్ కాస్త గట్టిగా ఆనితే చాలు, ఫోన్‌లో బొమ్మ పక్కకి జారిపోతుంది. సగం రెక్క ఇక్కడ, సగం రెక్క అక్కడ. "ముట్టుకుంటే ముడుచుకుపోయే కొత్తపెళ్లికూతురు నయం," అని పిన్ని ఫోన్‌ని తిడుతుంది. జారడం నిజమే. కానీ అసలు సంగతి అది కాదు. గీతలే ఆవిడకి కనబడడం లేదు. కళ్లజోడు మార్చింది, కిటికీ పక్కకి కుర్చీ మార్చింది, గీత మాత్రం ఒకటి రెండుగా, రెండు పొగగా కనబడుతూనే ఉంది. ఈ మాట డాక్టరుకి తప్ప మరో ప్రాణికి చెప్పలేదు. మొగుడికి అసలే చెప్పలేదు. నెపమంతా ఫోన్ మీదికి నెట్టేసి కూర్చుంది.

అలాంటి సమయంలో దుకాణం నుంచి ఫోన్ వచ్చింది.

"పిన్నిగారూ, ఈసారి పిచ్చుక. ముందు ఒక్కటి కుట్టి చూపించండి. గుడ్డ ఇంకా కత్తిరించలేదు, మధ్యలో సుద్దతో గుర్తు పెట్టాను. అది బాగుంటే ఈ గౌన్లన్నీ మీకే. లేదంటే మిషన్ వాళ్లకి ఇచ్చెయ్యాలి. ఏమీ అనుకోకండి, మా నాన్న రోజూ పోరుతున్నారు."

"అనుకోవడానికేముందమ్మాయ్, కుట్టేస్తాను," అంది పిన్ని ధీమాగా. ఫోన్ పెట్టేశాక ఆ ధీమా కాస్తా జారిపోయింది. కుట్టుపని పోతే డబ్బుకి ఇబ్బంది లేదు. కానీ పొద్దున్న లేచి ఏం చెయ్యాలి? ఊరికే కూర్చోవడం ఆవిడ పుట్టాక నేర్చుకోలేదు.

ఆ పూటంతా కాగితం మీద కాగితం నలిపి పారేసింది. బాబాయి చూసి చూసి, "ఆ బొమ్మ కదలకుండా నిలబడితే చాలు కదా నీకు?" అన్నాడు.

"అంతే. అది నిలబడితే నేను కుడతాను."

"అయితే ఆ ఆప్‌ని కంప్యూటర్లో పెడతానుండు. కంప్యూటర్ తెరని నువ్వు పెన్సిల్‌తో కాదు, పప్పుగుత్తితో పొడిచినా బొమ్మ కదలదు."

ఫోన్ ఆప్‌లని కంప్యూటర్లో నడిపించే ప్రోగ్రాం ఒకటుందని ఆయన ఎక్కడో చదివాడు. తీగలతో బతికిన మనిషి కదా, యంత్రం కనబడితే చెయ్యి ఊరుకోదు. మధ్యాహ్నం భోజనం కాగానే మొదలుపెట్టాడు. ముసలి కంప్యూటర్ రొప్పుతూ రోజుతూ ఆ ప్రోగ్రాంని దించుకుంది. సాయంత్రానికి తెర మీద ఫోన్ ఆకారంలో ఒక కిటికీ తెరుచుకుంది. అందులో గడియారం, బ్యాటరీ బొమ్మ, అన్నీ ఉన్నాయి.

"ఇదిగో, ఫోన్‌ని కంప్యూటర్లో పెట్టాను," అన్నాడు బాబాయి.

పిన్ని చేతిలోని ఫోన్‌ని చూసుకుంది, తెరవంక చూసింది. "మరి ఇదేమిటి?"

"అది నిజం ఫోను, ఇది ఉత్తుత్తి ఫోను. ఆ ఆప్‌కి ఈ సంగతి తెలీదు. నిజం ఫోన్లోనే ఉన్నాననుకుంటుంది పాపం."

పాపం, నిజంగానే అనుకుంది. తెరుచుకోగానే 'మీ ఫోన్‌ని అడ్డంగా తిప్పండి' అని అడిగింది. బాబాయి ఏదో నొక్కి దాన్ని ఊరుకోబెట్టాడు. కాసేపటికి, 'చేసింది రద్దు కావాలంటే ఫోన్‌ని ఊపండి' అంది. బాబాయి లేచి మానిటర్‌ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"అయ్యో, ఆగండి! విరగ్గొడతారా ఏమిటి?"

"అడిగింది కదే, ఊపకపోతే బాధపడుతుంది."

పిన్ని పడీ పడీ నవ్వింది. నవ్వి చాలా రోజులైందని అప్పుడు గుర్తొచ్చింది.

దుకాణం అమ్మాయి పంపిన పిచ్చుక ఆ ఫోన్ కిటికీలో చిన్నగా కూర్చుని ఉంది. బాబాయి కిటికీ మూల పట్టుకుని తెర నిండేదాకా లాగాడు. పిచ్చుక పెరిగింది. మెడ కింద నల్లటి మచ్చ, రెక్క మీద ఈక పక్కన ఈక, ముక్కు కొసన చిన్న వంపు, అన్నీ పిన్నికి కనబడ్డాయి. ఒకటి ఒకటిగానే కనబడింది. ఆవిడ కళ్లజోడు తుడుచుకునే నెపంతో మొహం పక్కకి తిప్పుకుంది.

"ఏమైంది?"

"ఏం లేదు. బాగుంది."

తెరమీద కాగితం అతికించి, నిలబడే గీసుకుంది. గీత వణకలేదు, బొమ్మ జారలేదు. మర్నాడు కిటికీ దగ్గర కూర్చుని గోధుమరంగు దారం, బూడిదరంగు దారం, ఇటుకరంగు దారం ముందేసుకుని కుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో ఈకకి మూడేసి రంగులు కలిపింది. కుడుతూ కూనిరాగం తీసింది. టీ చల్లారిపోతోందని బాబాయి రెండుసార్లు పిలిచాడు, ఆవిడకి వినపడలేదు. పని పూర్తయ్యాక ఇద్దరూ గుడ్డని ఎత్తిపట్టి మురిసిపోయారు. ఈ గుడ్డ లోంచి రాబోయేది పాకే పిల్ల గౌను అన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. తట్టదు మరి. ఎన్నాళ్లుగానో ఫోన్‌లో ఉన్నదే కొలత అని నమ్మిన చేతికి, ఇప్పుడు ఫోన్ కంప్యూటర్లోకి మారిందని ఎవరు చెప్పాలి?

దుకాణం అమ్మాయి స్వయంగా వచ్చింది. గుడ్డ విప్పగానే, "అబ్బా, ఎంత బాగుంది!" అంది. తర్వాత సంచిలోంచి గౌను ముందుభాగం కొలతకి కత్తిరించిన అట్ట తీసి గుడ్డ మీద పెట్టింది. పిచ్చుక ముక్కు ఒక చంక దాటి బయటికొచ్చింది. తోక ఇంకో చంకలోంచి పోయింది. కాళ్లు గౌను అంచు కిందకి వేలాడుతున్నాయి.

బాబాయికి ముందు అర్థమైంది.

"తప్పు నాదమ్మా," అన్నాడు. "ఆ కిటికీని నేనే లాగి పెంచాను. గోరంత పిట్టని కొండంత చేశాను. దానికేముంది, మళ్లీ కుదించి ఇస్తాను, రెండ్రోజుల్లో చిన్నది కుట్టేస్తుంది. ఏమే?"

దుకాణం అమ్మాయి పిన్నివంక చూసింది. "కుట్టగలరా పిన్నిగారూ?"

అవునంటే ఒక పూట గడుస్తుంది. ఆ తర్వాత మళ్లీ పొగలో సూది, మళ్లీ ఫోన్ మీద నేరం. నిన్నంతా ఒక్కో ఈకా చూస్తూ కుట్టుకున్న సుఖం తెలిశాక ఆ అబద్ధం ఆడబుద్ధి కాలేదు పిన్నికి.

"కుట్టలేను అమ్మాయ్," అంది. "చిన్నవి నాకు కనబడడం లేదు. చాన్నాళ్లైంది."

బాబాయి తల తిప్పి ఆవిడని చూశాడు. దుకాణం అమ్మాయి మాత్రం ఆశ్చర్యపోలేదు. అట్ట తీసి సంచిలో పెట్టుకుంటూ నెమ్మదిగా అంది.

"నాకు తెలుసు పిన్నిగారూ. పోయిన విడతలో పిట్టలన్నిటికీ కళ్లు నేనే విప్పి మళ్లీ కుట్టాను. ఒకదానికి కన్ను మెడ మీదుంది."

"మెడ మీదా?" పిన్ని చెంపలు వేడెక్కాయి. "మరి చెప్పవేం?"

"చెబితే మానేస్తారని భయం. మానేస్తే మా నాన్న ఆనందంగా మిషన్ వాళ్లకి ఇచ్చేస్తారు. మిషన్ కుట్టే పిట్టలన్నీ ఒకేలా చూస్తాయి, నాకు నచ్చవు." ఆ పెద్ద పిచ్చుకని అరచేత్తో నిమిరింది. "గౌన్లు ఇక మిషన్‌కే ఇస్తాను. తప్పదు. కానీ ఇది గౌనుకి పనికిరాకపోయినా ఉయ్యాల దుప్పటికి సరిపోతుంది. దుప్పట్లు కుడతారా? ఇంత పెద్ద బొమ్మలు."

గౌన్లు మిషన్‌కి పోతాయన్న మాట పిన్నికి చురుక్కుమని తగిలింది. ఆ వీధి పిల్లల గుండెల మీద ఇక తన పిట్ట ఉండదు. ఆ బాధ ఉండనే ఉంది. కానీ దుప్పట్లన్న మాట దాని వెనకే వచ్చి పక్కన కూర్చుంది.

"కుడతాను," అంది. "కళ్లు కూడా నేనే కుడతాను."

ఆ అమ్మాయి నవ్వుతూ వెళ్లిపోయాక, బాబాయి కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని ఆవిడ వైపు తిరిగాడు.

"ఊరందరికంటే ముందు నాకు చెప్పాలి కదే," అన్నాడు. "ఎందుకు చెప్పలేదు?"

"మీరు జాలిపడతారని. మీ వెక్కిరింతలు నాకలవాటే. మీరు నన్ను చూసి జాలిపడితే మాత్రం తట్టుకోలేను."

బాబాయి కుర్చీలోంచి లేచాడు.

"జాలా? నీ మీదా?" అన్నాడు. "పాకే పిల్ల గౌను మీద గద్దంత పిచ్చుకని వాలించిన మనిషి మీద జాలేమిటే? నాకు ఆ పిల్ల మీద జాలి. ఆ గౌను తొడిగి కిటికీ దగ్గర నిలబెడితే ఎగిరిపోయేది."

మాట సగంలో గొంతు జీరపోయింది గానీ వెక్కిరింత మాత్రం పూర్తిచేశాడు. పిన్ని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత బుట్టలోంచి సూదీ, ఇటుకరంగు దారం తీసి ఆయన చేతిలో పెట్టింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఆ పని ఆయన్ని ఎన్నడూ అడగలేదు.

"దారం ఎక్కించి ఇవ్వండి," అంది.