ప్లాట్‌ఫారం మీద ఎదిగిన పిల్ల

"పట్టాలు తుడిచావా?"

ఆదివారం పొద్దున్నే మా ఇంట్లో మేలుకొలుపు ఇదే. నిద్ర పట్టిందా అని కాదు, నడుం నొప్పి తగ్గిందా అని కాదు. పట్టాలు తుడిచావా. వెనక పడకగది నిండా నడుం ఎత్తున బల్లలు, ఆ బల్లల మీద ఒక ఊరు, ఆ ఊరి చుట్టూ అగ్గిపుల్లంత మందం కూడా లేని రైలుపట్టాలు. వాటి మీద నూగంత దుమ్ము పడినా చక్రాలకి కరెంటు అందదు, ఇంజన్ సొరంగంలో ఆగిపోతుంది. ఆగిందంటే ఆయన నా వంక చూస్తారు. ఇంట్లో ఉండి ఏం చేస్తుంటావు అని ఆ చూపుకి అర్థం. అందుకని స్పిరిట్‌లో తడిపిన గుడ్డ పట్టుకుని, బల్లల సందుల్లో దూరి, ఊరంతా తుడుచుకుంటూ వస్తాను. మా వంటింటి గట్టు అంత శుభ్రంగా ఏనాడూ లేదు.

అసలు నేను ఇంట్లో ఉంటే కదా. కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో నా ఉద్యోగం. పక్క పన్ను రంగులో కలిసిపోయేలా కొత్త పన్నుకి రంగు వెయ్యడం నా పని. మా యజమాని డాక్టర్లతో ఫోన్లో, "మా దగ్గర ఒకమ్మాయి ఉందండీ, చెయ్యి బంగారం" అంటుంటాడు. నలభై దాటినా నేను ఒకమ్మాయినే, పేరు ఎందుకులే అనుకుంటాడు కాబోలు. పోనీ బంగారం కదా అని జీతం పెంచమంటే మాత్రం అదే చెయ్యి ఇత్తడైపోతుంది. సాయంత్రం ఆ చెయ్యి ఇంటికొచ్చి వంట చేసి, గిన్నెలు తోమి, ఆ తర్వాత ఆయన ఊళ్ళో పనికి దిగుతుంది. గిన్నెలు తోమే పీచుకి ఆకుపచ్చ రంగు అద్ది చెట్లు చేసింది నేను. మేడల మీద ఆరేసిన బట్టలు నేను. దుకాణాల బోర్డులు, కిటికీ తెరలు, వేలి కణుపంత ఎత్తు మనుషులు, వాళ్ళ చొక్కాలు, చీరలు, నెరిసిన జుట్టు, అన్నీ నేనే. ఆయన పట్టాలు వేస్తారు, వైర్లు కలుపుతారు, రైళ్ళు నడుపుతారు. బొమ్మరైళ్ళ క్లబ్బు వాళ్ళు వచ్చి ఎవరు చేశారండీ ఇదంతా అని నోరు వెళ్ళబెడితే, "మా ఆవిడకీ కాస్త కాలక్షేపం ఉండాలిగా" అంటారు. కాలక్షేపమట! నాకు క్షేపించడానికి కాలం ఎక్కడుందో ఆయనే చెప్పాలి.

ఈ సరదా ఉన్నవాళ్ళకి ఒక నియమం ఉంది. ఊరికి ఒక రోజు ఎంచుకోవాలి. ఇక ఆ ఊళ్ళో ఎప్పటికీ అదే రోజు. ఆ తర్వాత వచ్చిన ఇంజన్‌గాని, కారుగాని, గోడ మీద సినిమా పోస్టరుగాని ఎక్కడా కనపడకూడదు. కనపడితే తప్పు పట్టుకోవడానికే కొందరు భూతద్దాలు తెచ్చుకుంటారు. ఆయన ఎంచుకున్న రోజు, చిన్నప్పుడు వాళ్ళ నాన్న రైళ్ళు చూపించడానికి స్టేషనుకి తీసుకెళ్ళిన రోజు. ప్లాట్‌ఫారం నట్టనడుమ సంచీ పట్టుకున్న ఒక మనిషి, ఆ మనిషి వేలు పట్టుకుని చారల చొక్కా వేసుకున్న పిల్లాడు. ఆ చారలు గీసేసరికి నా కళ్ళు పోయినంత పనైంది. వచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన చూపిస్తారు. "అది నేను, మా నాన్న" అంటారు. గొంతు కాస్త వణుకుతుంది. వచ్చినవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. నావీ చెమర్చేవి, అబద్ధమెందుకు చెప్పాలి.

ప్లాట్‌ఫారం చివర, దీపస్తంభం పక్కన, మా అమ్మాయి ఉండేది.

మా అమ్మాయి అంటే కడుపున పుట్టిన అమ్మాయే. నెలలు నిండాక కదలడం మానేసింది. ఆస్పత్రికి వెళ్ళేసరికే అయిపోయిందన్నారు. అయిపోయినదాన్ని కనడానికి కూడా అన్ని నొప్పులూ పడాలని నాకు అప్పటిదాకా తెలియదు. కన్నాక చూపించమన్నాను. "చూస్తే మరిచిపోలేవమ్మా, వద్దు" అంది నర్సు. అత్తగారు నా మంచానికి అడ్డంగా నిలబడ్డారు. ఆయన చూశారు. గుడ్డలో చుట్టి ఆయన చేతికే ఇచ్చారు, ఆయనే తీసుకెళ్ళారు. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని పడుకున్నారు. ఎలా ఉందండీ అని అడగబోతే గోడవైపు తిరిగారు. ఆ తర్వాత ఎప్పుడు ఆ మాట ఎత్తబోయినా, "ఇప్పుడవన్నీ తవ్వుకుని ఏం లాభం?" అనేవారు. నెల తిరక్కుండానే, పిల్లకని ఉంచిన ఆ వెనక గదిలోకి బల్లలు వచ్చాయి. వడ్రంగి మేకులు కొడుతుంటే నేను వంటింట్లో చెవులు మూసుకుని కూర్చున్నాను. మగవాడు, బాధ ఎలా చెప్పుకోవాలో తెలియదు పాపం, రైళ్ళల్లోనైనా పడి తేరుకుంటాడులే అనుకున్నాను. పాపం అనుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

మొదటి ఏడు, ప్లాట్‌ఫారం చివర నిలబడ్డ ఒక ఆడమనిషి చేతుల్లో గుడ్డ చుట్టిన పసిదాన్ని పెట్టాను. ల్యాబులో మిగిలిన గులాబిరంగు పొడి, చిగుళ్ళకి వాడేది, దానితో చేశాను. బియ్యపుగింజంత ఉండేది. మరుసటేడు దాన్ని కిందికి దించాను, వేలు పట్టుకుని నిలబడింది. అక్కణ్ణుంచి కొత్త బొమ్మ చెయ్యలేదు. ప్రతి ఏడూ ఆ నెల వచ్చినప్పుడు దాన్నే తీసి, ల్యాబుకి పట్టుకెళ్ళి, మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్ళినప్పుడు కాళ్ళ దగ్గర రవ్వంత పెంచేదాన్ని. కొత్త గౌను వేసేదాన్ని. జడ పొడుగు చేసేదాన్ని. బడికి వెళ్ళే వయసు రాగానే భుజానికి సంచీ తగిలించాను. మొన్న పదకొండు నిండాయి. బెంచీ ఎత్తు ఎప్పుడో దాటింది, పక్కనున్న ఆడమనిషి భుజం దాకా వచ్చింది. ముఖం మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు. గులాబిరంగు నున్నటి చుక్క, అంతే. చూడని ముఖం ఎలా వెయ్యను? పట్టాలు తుడవడానికి వెళ్ళినప్పుడల్లా దాని దగ్గర ఒక్క క్షణం ఆగేదాన్ని. "ఏమే, తిన్నావా?" అనేదాన్ని లోలోపల. నవ్వుకోండి, నాకేం. ఆయనకి తెలియదనుకున్నాను. ఊళ్ళో అంతమంది బొమ్మల్లో ఒక పిల్ల బొమ్మ ఎవరికి పడుతుంది?

గార్డుగారికి పడింది.

గార్డుగారంటే క్లబ్బు అధ్యక్షుడు. జన్మలో రైల్లో ఉద్యోగం చేసినవాడు కాదు, రంగుల కంపెనీలో గుమాస్తాగా రిటైరయ్యాడు. కానీ క్లబ్బు రోజున నెత్తిన టోపీ, మెడలో విజిల్, చేతిలో పచ్చజెండా లేకుండా గుమ్మం ఎక్కడు. వచ్చే నెల ఎగ్జిబిషన్‌కి మా ఊరిని పంపాలా వద్దా అని తేల్చడానికి పోయిన ఆదివారం మిగతావాళ్ళని వెంటేసుకుని వచ్చాడు. ఆ రోజు ఆయన కొత్త చొక్కా వేసుకున్నారు. నేను ట్రేలో టీ కప్పులు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి రావాలంటే గుమ్మానికి అడ్డంగా పట్టాలున్న బల్ల ఎత్తి దారివ్వాలి, రైలు నడుస్తున్నప్పుడు బల్ల ఎత్తకూడదు. అందుకని టీ చల్లారినా సరే, బండి స్టేషను చేరేదాకా నేను నిలబడాల్సిందే.

గార్డుగారు ఒక చేత్తో భూతద్దం, ఒక చేత్తో క్లబ్బు వాళ్ళు ఏడాదికోసారి తీసే మా ఊరి ఫొటోలు పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"ఏమయ్యా, ఇదేమిటి? పోయినేడు ఈ పిల్ల బెంచీ అంత ఉంది. ముందటేడు ఇంకా చిన్నది. ఇప్పుడు చూడు, ఎదిగి కూర్చుంది!"

అందరూ మూగారు. ఒకడు ఫకాలున నవ్వాడు. "రైళ్ళన్నీ ఆ రోజులోనే ఉన్నాయి, పిల్ల మాత్రం ఈడుకొచ్చేలా ఉందండోయ్" అన్నాడు.

"నవ్వులాట కాదు. మీ ఊళ్ళో ఎప్పుడూ ఒకటే రోజు అన్నావు. ఒక్కరోజులో పిల్ల ఎదుగుతుందా? దీన్ని ఇలాగే పంపితే నలుగురూ నా ముఖాన ఉమ్మేస్తారు" అన్నాడు గార్డుగారు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ట్రే మీదుగా నేను ఆయన్నే చూస్తున్నాను. ఆయన ఒక్కసారి నా వైపు చూశారు. చూశారు, బాగా గుర్తుంది. తర్వాత బల్ల మీదున్న చిన్న పట్టకారు తీసుకుని, పిల్ల నడుం దగ్గర పట్టుకుని, ఒక్క గుంజు గుంజారు. టిక్కుమని చిన్న చప్పుడైంది.

"మా ఆవిడకి నియమాలవీ తెలియవండీ. ఏదో తోచింది పెడుతుంటుంది" అన్నారు.

రైలు స్టేషను చేరింది, బల్ల ఎత్తారు, అందరికీ టీలు ఇచ్చాను. గార్డుగారు నా చేతిలోంచి కప్పు అందుకుంటూ, "చేతిపని బాగుందమ్మా, కాస్త మా వాణ్ణి అడిగి చేస్తుండు" అన్నాడు. సరేనండీ అన్నాను. నా నోరు పడిపోను, సరేనండీ అన్నాను! ఎగ్జిబిషన్‌కి ఊరు ఖాయమైంది. ఆయన వీధి గుమ్మం దాకా వెళ్ళి అందరినీ సాగనంపి, ఈల వేసుకుంటూ లోపలికి వచ్చారు.

"బొమ్మేదండీ?" అని అడిగాను.

"ఏ బొమ్మ? ఓ, అదా. అక్కడే బుట్టలో పడేసినట్టున్నాను."

చెత్తబుట్ట బోర్లించాను. బిస్కెట్ కాగితాలు, వైరు ముక్కలు, తడి టీ బ్యాగులు. వాటి మధ్య దొరికింది. గౌనుకి టీ మరక. చీలమండల కింద ఏమీ లేదు. గదిలోకి వెళ్ళి చూస్తే పాదాలు రెండూ ప్లాట్‌ఫారం మీదే ఉన్నాయి. అంత గట్టిగా అంటించాను మరి, రైళ్ళు కదిలినప్పుడు పడిపోకూడదని. ఆ రెండు పాదాలనీ చూసి, ఆస్పత్రిలో ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చాను. నేల మీద చతికిలబడి, నోరు తెరిచి, ముక్కు కారుతుంటే పమిటతో తుడుచుకుంటూ ఏడ్చాను.

ఆయన గుమ్మంలో నిలబడి చూశారు. "ఇంతోటి దానికి ఆ ఏడుపేమిటి? కావాలంటే ఇంకోటి చేసుకో. ఎగ్జిబిషన్ అయ్యాక ఎక్కడైనా పెట్టుకుందువుగాని" అన్నారు.

ఇంకోటి. ఆస్పత్రి మంచం మీద నా పాలు నా జాకెట్టుని తడిపేస్తుంటే అత్తగారు అన్నదీ ఈ మాటే. "చిన్నదానివి, ఇంకోదాన్ని కంటావులే." నేను కనలేదు. కనలేకపోయానో, కనబుద్ధి కాలేదో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ తల్లీకొడుకులకి ఇంకోటి అనే మాట ఎంత తేలిగ్గా నోటికొస్తుందో! వాళ్ళ నాన్న వేలు పట్టుకున్న ఆ చారల చొక్కా పిల్లాణ్ణి పీకి, ఇంకోడ్ని పెట్టుకోండి అని నేనంటే ఊరుకుంటారా?

"అది ఏ బొమ్మో మీకు తెలియదు. తెలిస్తే అలా పీకేవారు కాదు" అన్నాను. అప్పటికీ ఆయన్ని వెనకేసుకొస్తూనే ఉన్నాను చూడండి.

ఆయన ఇంజన్ చేతిలోకి తీసుకుని చక్రాలు తిప్పుతూ, మామూలు గొంతుతో అన్నారు.

"తెలుసులే. మొదటి ఏడు నుంచీ తెలుసు. అయినా దానికీ దీనికీ పోలికే లేదు."

నా ఏడుపు టక్కున ఆగిపోయింది.

పోలిక లేదట. పోలిక తెలిసినవాడు లోకంలో ఈయన ఒక్కడే. పదకొండేళ్ళు నేను ఖాళీ ముఖంతో బొమ్మని నిలబెట్టుకుంటే, ఆ ముఖాన్ని కళ్ళలో పెట్టుకుని, పక్కనే తిరుగుతూ, రైళ్ళు నడుపుకున్నాడు. తెలియదు పాపం, తెలియదు పాపం అనుకుంటూ కదా నేను ఈ ఇంట్లో వండాను, తోమాను, తుడిచాను. తెలియనివాణ్ణి క్షమించవచ్చు. ఆ క్షమ మీదే నా కాపురం నిలబడి ఉంది. అది కాస్తా ఈయన ఒక్క మాటతో ఊడబెరికేశాడు.

"ఎలా ఉండేది?" అని అడిగాను. "ఒక్కసారి చెప్పండి. జుట్టు ఉందా? ముక్కు ఎవరిది?"

ఆయన ఇంజన్‌ని పట్టాల మీద పెట్టారు. చక్రాలు సరిగ్గా కూర్చున్నాయో లేదోనని వంగి చూసుకున్నారు. "ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నారు.

నేను లేచాను. ల్యాబులో వాడే సన్నటి బ్లేడు తెచ్చి, ప్లాట్‌ఫారం మీది రెండు పాదాలనీ మెల్లగా వేరు చేశాను. ఆయన వెనక నుంచి "జాగ్రత్త, రంగు లేచిపోతుంది" అంటున్నారు. పాదాలనీ పిల్లనీ దూదిలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. రెండు జతల బట్టలు, నడుం నొప్పి మందు సంచీలో వేసుకున్నాను. వెళ్ళాలని అంతకుముందు ఎన్నడూ అనుకోనేలేదు, అయినా చేతులకి ఏం సర్దాలో తెలిసిపోయింది. వీధిలో ఇంకా ఎండ ఉంది.

నేను చెప్పులు వేసుకుంటుంటే ఆయన గదిలోంచి బయటికి వచ్చారు. "ఈ వేళప్పుడు సంచీ పట్టుకుని ఎక్కడికి?" అన్నారు.

"మా అమ్మాయికీ నాకూ ఒక గది చూసుకోవడానికి" అన్నాను.