ఓడ పొడవంత జెండా

హెస్టర్ పిల్చర్ సూదిని పెదాల మధ్య పట్టుకుని, చిరిగిన జెండాను బల్ల మీద పరిచి అరచేత్తో ముడతలు సాపు చేస్తోంది. చూపుడువేలి కొస కాయలు కాచి చాలా ఏళ్లయింది. సూది గుచ్చుకున్నా ఇప్పుడు తెలియదు. కిటికీ అవతల మెడ్‌వే నది బురదరంగులో పారుతోంది. డాక్‌యార్డు జెండాల గదిలో పదహారు మంది ఆడవాళ్లు. దాదాపు అందరూ చనిపోయిన నావికుల భార్యలే.

హెస్టర్ భర్త రూబెన్, క్లోరిండా అనే చిన్న క్రూయిజర్ యుద్ధనౌకలో కొలిమికి బొగ్గు ఎగదోసేవాడు. 1914 చివర్లో, పసిఫిక్‌లో ఒక జర్మన్ ఓడను తరుముతుండగా ఆవిరి గొట్టం పగిలి చనిపోయాడు. శవాన్ని సముద్రంలోనే విడిచారు. ఆమెకు పువ్వులు పెట్టే సమాధి లేదు. ఆ ఓడే ఉంది.

ఆ తరవాత ఓడ చరిత్రంతా జెండాల రూపంలో ఆమె చేతికి వచ్చింది. ఉత్తర సముద్రం నుంచి మసిబారినవి, వాటిలో గుండు దూసుకుపోయినది ఒకటి. బాల్టిక్ నుంచి చలికి పెళుసెక్కినవి. చైనా తీరం నుంచి ఎండకు ఎరుపు వెలిసిపోయినవి. అన్నిటికీ అతుకులు వేసింది. రెండేళ్ల కిందట ఓడను పక్కన పెట్టేశారు. జెండాలు రావడం మానేశాయి. ఇవాళ, 1931 ఏప్రిల్‌లో ఒక మంగళవారం, దాన్ని ముక్కలు చేయడానికి స్కాట్లండ్‌కు లాక్కుపోతున్నారు.

కొలువు ముగించిన యుద్ధనౌక తన పొడవంత సన్నని తెల్లజెండాను స్తంభం మీద ఎగరేసుకుంటూ ఇంటికి వస్తుంది. క్లోరిండా చివరిసారి వచ్చినరోజు వాన. ఎవరూ ఆ జెండా కట్టలేదు. ఇప్పుడైనా కట్టమని హెస్టర్ మూడు అర్జీలు పెట్టింది. మూడింటికీ ఒకటే జవాబు: సిబ్బంది లేని ఓడకు ఆ జెండా ఉండదు.

అందుకే ఆరు వారాలుగా, రొట్టె తినడానికి ఇచ్చే అరగంటలో, పనికిరాని జెండాల గుడ్డ కలిపి తానే కుట్టింది. నూట యాభై గజాలు.

నిన్న, ఓడను లాక్కుపోయే టగ్గు పడవ నడిపే టాప్సెల్‌ను ఒడ్డున పట్టుకుంది.

"నువ్వు చెప్పలేదు, నేను వినలేదు," అన్నాడతను నోట్లో పైపు తీయకుండానే. "నువ్వొచ్చి తాడుకు ముడేసేటప్పుడు నేను అటు తిరిగి ముక్కు చీదుకుంటుంటా."

"ఎన్నింటికి రమ్మంటావు?"

"గేటు దగ్గర బోర్డు చూసుకో. దానికి అరగంట ముందు. ఆలస్యం చేశావో, ఆ గుడ్డతో దుప్పట్లు కుట్టుకో."

ఓడ కదిలేది పోటు నిండినప్పుడు. బోర్డు మీద మూడూ పది అని ఉంది. ఆటుపోట్ల పట్టికకు, ఏటా గంట ముందుకు తిప్పే వేసవి గడియారంతో పనిలేదు. బోర్డు రాసేవాళ్లు పట్టికలో ఉన్నది ఉన్నట్టే దించుతారు. వేసవిలో దానికి ఒక గంట కలుపుకోవాలని డాక్‌యార్డులో అందరికీ తెలుసు. గడియారాలు మొన్న ఆదివారమే ముందుకు తిప్పారు. హెస్టర్ కలుపుకుంది: నాలుగూ పది. మూడూ నలభైకి అక్కడుండాలి.

రెండుంబావుకు గది పెత్తనం చేసే మిసెస్ ఓవెండెన్ బల్ల దగ్గరికి వచ్చింది. కోపిష్ఠి మనిషి. బల్ల కింద సంచి ఉబ్బుతూ పోవడం ఆరు వారాలుగా చూస్తూనే ఉంది. ఒక్కసారీ అడగలేదు.

"నీకు దారం అయిపోయింది, హెస్టర్."

"లేదండీ, ఇంకా రెండు ఉండలు..."

"అయిపోయిందన్నానా? స్టోరుకెళ్లి తెచ్చుకో. తొందరేం లేదు."

"ఇప్పుడొద్దండీ. మూడున్నరకు వెళ్తే సరిపోతుంది."

"మొండిఘటం. నీ ఇష్టం."

పక్క బల్ల మాబెల్ గుసగుసలాడింది. "ఆవిడకు జాలి పదేళ్లకోసారి పుడుతుంది. పుచ్చుకోవే తల్లీ!"

హెస్టర్ నవ్వి, కుట్టు మీదికి వంగింది. మూడు దాటాక టగ్గు కూత వినిపించింది. కాసేపాగి మళ్లీ కూసింది. ఏదో బొగ్గు పడవ కాబోలనుకుంది.

మూడున్నరకు సంచి భుజాన వేసుకుని బయలుదేరింది. ఒడ్డు ఖాళీగా ఉంది. దూరంగా నది వంపు దగ్గర, టగ్గు వెనక, క్లోరిండా బోసి స్తంభాలు కదులుతున్నాయి.

"ఇప్పుడా వచ్చేది?" అన్నాడు కాపలా ముసలాయన.

"బోర్డు మీద మూడూ పది కదా!"

"మూడూ పదే. కొత్త గుమాస్తా ఆ గంటేదో తనే కలిపి రాస్తున్నాడుగా. మనం పొరబడకుండా."

"చెప్పి చావొద్దూ?" హెస్టర్ గొంతు చిరిగింది. "పదిహేనేళ్లుగా మేమే కలుపుకుంటున్నామే! కలిపానని ఒక్క ముక్క రాయడానికి చెయ్యి పడిపోయిందా వాడికి?"

ముసలాయన ఆమె ముఖంకేసి చూడకుండా నీళ్లకేసి చూశాడు.

"టాప్సెల్ పావుగంట ఆగాడమ్మా. పోటు వెనక్కి తీయడం మొదలయ్యాక కూడా ఆగాడు. రెండోసారి కూత పెట్టింది నీకోసమే."

హెస్టర్ సంచి కిందికి దించింది. మొదటి స్తంభం వంపు చాటుకు వెళ్లింది. రెండోదీ వెళ్లింది.

విప్పే వ్యవధి లేక టాప్సెల్ మనుషులు గొడ్డలితో నరికేసిన కట్టుతాడు ఉచ్చు ఒడ్డు మీద ఇనుప గూటానికి బిగుసుకునే ఉంది. తెగిన కొస నీళ్లలోకి వేలాడుతోంది.