దొంగ పేరు నోటికి రాదు

"గూటాలు ఏవండీ? నా గూటాలు!"

వెంకటేశ్వరరావు అరుపుకు ఎదురింటి స్లాబు మీద తాపీ మేస్త్రీలు పని ఆపి తొంగి చూశారు. పట్టుపంచె మోకాళ్లపైకి ఎత్తి పట్టుకుని ఆయన తన ప్లాటు చుట్టూ పరుగులు పెడుతున్నాడు. నిన్న సాయంత్రం ఇంజనీరు కొలతలు వేసి, పునాది కోసం పాతించిన కర్ర గూటాల్లో ఒక్కటి కూడా లేదు. వాటికి చుట్టిన ఎర్రతాడు కూడా మాయం. మధ్యాహ్నం శంకుస్థాపన ముహూర్తం. పంతులు అరటిపళ్ల గంప పక్కన కూర్చుని మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు.

ఎల్.బి.నగర్ వెనక ఈ నేల మొన్నమొన్నటి దాకా మల్లేశం వాళ్ల జొన్నచేను. ఇప్పుడు ప్లాట్లు. అమ్మినవాడు మల్లేశం, కొన్నవాడు గుడివాడ నుంచి వచ్చిన వెంకటేశ్వరరావు. అమ్మకం ఇష్టం లేనిది మల్లేశం తల్లి సోమమ్మ. ఆ సంగతి ఆవిడ ఎవరి దగ్గరా దాచలేదు. అదే ఇవాళ ముప్పు తెచ్చింది.

"నిన్న నా ఎదుటే అన్నారు కదండీ, ఈ చేన్లో ఇల్లు లేస్తే కడుపు మండుతుందని!" అన్నాడు వెంకటేశ్వరరావు.

"కడుపు మండితె మజ్జిగ తాగుతరు గని గూటాలు పీకుతరా సారూ?" సోమమ్మ కొంగు నడుముకు దోపింది. "మా ఇంట్ల కట్టెలకు కరువొచ్చిందా?"

సోమమ్మ కోడలు ఆండాలుకు ఈ గొడవలో ఏదీ చెవికెక్కడం లేదు. అయిదేళ్ల కొడుకు చెయ్యి పట్టుకుని ఆటో కోసం రోడ్డువైపే చూస్తోంది. రెండేళ్ల కింద దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టర్ అరుణమ్మ ఈ పిల్లవాణ్ణి చూసి 'ఆటిజం' అంది. ఆ మాట కాలనీలో ఎవరూ విని ఉండలేదు. అప్పుడు వాడికి మాటల్లేవు. కళ్లలోకి చూసేవాడు కాదు. డబ్బా మూతలు తిప్పుకుంటూ పూటలు గడిపేవాడు. ఆ రోజు నుంచి డాక్టరమ్మ నేర్పినట్టల్లా ఆండాలు ఇంట్లోనే బడి పెట్టింది. మురుకు తన కళ్ల దగ్గర పట్టుకుని, వాడు చూసేదాకా ఇచ్చేది కాదు. చుట్టుపక్కల పిల్లల్ని పోగేసి బస్సు ఆట ఆడించేది. టికెట్ ఇస్తేనే మురుకు, చిల్లర ఇస్తేనే ఇంకో మురుకు.

ఇవాళ డాక్టరమ్మ వాణ్ణి మళ్లీ మొదటి నుంచి పరీక్షిస్తానంది. ఆమె సరేనని రాసిస్తే జూన్‌లో సందు చివరి బడిలో చేర్చుకుంటారు. లేదంటే సికింద్రాబాద్ అవతల ఇలాంటి పిల్లల కోసం ఉన్న వేరే బడి. అక్కడే ఉండి చదవాలి. అమ్మ లేకుండా.

"అత్తమ్మా, ఆటో వచ్చింది. పోదాం పాండి."

"ఆవిడ కదలడానికి వీల్లేదండీ!" వెంకటేశ్వరరావు అడ్డం వచ్చాడు.

"అయితె నువ్వు గూడ రా," అంది సోమమ్మ, తానే ముందు ఎక్కి కూర్చుంటూ. "కిరాయి మేమే కడ్తం."

ఆయన నిజంగానే ఎక్కాడు. పట్టుపంచెతో, నుదుట కుంకుమతో, అనుమానితురాలి పక్కనే ఇరుక్కుని దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చాడు. మల్లేశం మాత్రం పంతులు పారిపోకుండా కాపలా ఉండిపోయాడు.

డాక్టర్ అరుణమ్మ మద్రాసులో చదివి వచ్చింది. నవ్వు తక్కువ. పట్టుపంచె ఆసామిని చూసి "ఈయనెవరు?" అంది.

"గూటాలు పోయినయి మేడం," అంది ఆండాలు. అంతకు మించి ఎలా చెప్పాలో తెలియలేదు.

పిల్లవాడు కిటికీ దగ్గర నిలబడి వీధిలో బస్సులు చూస్తున్నాడు. డాక్టరమ్మ వాడి వెనకకు వెళ్లి మామూలు గొంతుతో పిలిచింది. "రామచంద్రం!"

వాడు కదల్లేదు.

"రామచంద్రం!"

ఉలుకూ లేదు, పలుకూ లేదు. డాక్టరమ్మ కలం కాగితం మీదికి వంగింది. రెండేళ్ల కింద కూడా సరిగ్గా ఇలాగే వంగింది.

"మేడం, ఆగుండ్రి! ఆ పేరుతోని ఇంట్ల వాణ్ణి ఎవ్వరూ పిలువరు!"

"ఎందుకని?"

ఆండాలు అత్తవైపు చూసి తలదించుకుంది. "అది మా మామ పేరు. మామ పేరు కోడలు ఎత్తుతదా? నేను చిన్నా అంట."

"మీరు?" డాక్టరమ్మ సోమమ్మవైపు తిరిగింది.

"మంచిగున్నది! పెనిమిటి పేరు నేనెట్ల అంట? ఆయన పోయిండంటె పేరు గూడ పోయిందా?" సోమమ్మ గొంతు ఎత్తింది. "పటేలా!"

పిల్లవాడు గిర్రున తిరిగి చూశాడు.

"మరి తండ్రి?"

"కన్నతండ్రి పేరు పెట్టి ఒరే అనలేడు గదా. నాయినా అంటడు," అంది ఆండాలు.

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "పేరు పెట్టి పిలిస్తే పలకడు అని రెండేళ్ల కింద రాశాను. అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"అప్పుడు ఏం పిల్చినా పలకకపోతుండె మేడం. ఈ మాట నాకు తోచనే లేదు."

"సరే. ఆ ఒక్క మాట కొట్టేస్తాను. మిగతావి మాత్రం నిజమే. అవి ఇప్పుడెలా ఉన్నాయో చూద్దాం."

డాక్టరమ్మ చెక్క దిమ్మెల బుట్ట వాడి ముందు పెట్టింది. వాడు చాప మీద కూర్చుని పని మొదలుపెట్టాడు. ఒక దిమ్మె, పక్కన ఒక దిమ్మె, మధ్యలో ఖాళీ. దాని వెనక మళ్లీ అలాగే. వరసలు, వరసలు. ఆండాలు కళ్లు మూసుకుంది. పాత జబ్బు! మూతలు, గింజలు, చెప్పులు, అన్నీ ఇలాగే బారులు తీర్చేవాడు.

"చిన్నా, అదేంది?" అంది.

వాడు లేచి నేరుగా వెంకటేశ్వరరావు ముందుకు వెళ్లి చెయ్యి చాపాడు. ఆయన కళ్లలోకే చూశాడు.

"యాడికి?"

"ఏమిటి బాబూ?"

"యాడికి పోవాలె? జల్ది చెప్పు! ఎనకకు జరుగుండ్రి, జరుగుండ్రి!"

వెంకటేశ్వరరావు బిత్తరపోయాడు. డాక్టరమ్మ కళ్లతోనే 'కానివ్వండి' అంది.

"అదీ... హయత్‌నగర్," అన్నాడాయన.

"చిల్లర లేకుంటె దిగు!"

లేని చిల్లర ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. వాడు లేని టికెట్టు చింపి ఆయన చేతిలో పెట్టి, దిమ్మెల మధ్య కూర్చోమని చూపించాడు. పట్టుపంచె సర్దుకుని ఆయన చాప మీద కూలబడ్డాడు. వాడు లాగు జేబులో చెయ్యి పెట్టి ఓ తాడు బయటికి లాగి, గాల్లోకి ఎత్తి గుంజాడు.

"ఠింగ్ ఠింగ్! రై!"

డాక్టరమ్మ పెదాలు మొదటిసారి సాగాయి. ఆండాలుకు కన్నీళ్లు ఆగలేదు. బారులు కావు, సీట్లు! వాడు బస్సు కట్టాడు!

"ఆ తాడు!" చాప మీంచి వెంకటేశ్వరరావు కేక పెట్టాడు. "ఆ ఎర్రతాడు నాదండీ!"

బస్సు ఆగిపోయింది.

ఆండాలు వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "చిన్నా, ఈ బస్సు ఇంటికాడ గూడ ఉన్నదా?"

"ఉన్నది."

"ఇప్పుడు యాడున్నది?"

"డిపోల."

డిపో అంటే గొడ్ల కొట్టం వెనక జాగా. రోజూ ఆట అయిపోయాక బస్సు అక్కడే 'పెడతారు'. పొద్దున తాను వంట చేస్తుంటే పిల్లల గోల వినబడింది, 'దిగుండ్రి దిగుండ్రి' అని. గూటాలు పాతి సీట్లు కట్టారన్నమాట.

"మరి ఆ గూటాలు ఎవరు పీకిండ్రు?"

పిల్లవాడు అమ్మను చూశాడు. వెంకటేశ్వరరావును చూశాడు. తాడు మెల్లిగా వెనక్కి దాచుకున్నాడు. తరవాత వేలెత్తి నానమ్మను చూపించాడు.

"నానమ్మ."

"వామ్మో!" సోమమ్మ నోరు తెరిచింది.

"నేను పొద్దున్నించీ అంటూనే ఉన్నాను కదండీ!" వెంకటేశ్వరరావు చాప మీంచి లేచాడు.

డాక్టరమ్మ మాత్రం బల్ల మీద చరిచి పకపకా నవ్వింది. "చూశావా ఆండాలూ? వీడు అబద్ధమాడాడు! అదీ ఎవరి మీద? ఈయన పొద్దుటి నుంచి ఎవరిని అనుమానిస్తున్నాడో వాళ్ల మీద! ఎదుటివాడి మనసులో ఏముందో తెలియకపోతే ఇలాంటి అబద్ధం ఆడలేడమ్మా!"

"అంటె ఆ ఆటిజం పోయిందా మేడం?"

"పోయిందని రాయను. రేపు బడి గంట గట్టిగా మోగితే చెవులు మూసుకుంటాడు. కొత్త టీచరమ్మకు వారం రోజులు చుక్కలు చూపిస్తాడు. కానీ రెండేళ్ల కింద నేను చూసిన పిల్లవాడు వీడు కాదు. సందు చివరి బడి చాలు. రాసిస్తాను."

ఆండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కానీ ఒక్క షరతు," అంది డాక్టరమ్మ. "బడిలో హాజరు పిలిస్తే పలకాలి. అక్కడ పటేలా అనీ, నాయినా అనీ పిలవరు. ఆ పేరు మీ నోట వాడికి వినబడాలి. ఇక్కడే, ఇప్పుడే. వాడు తిరిగి చూస్తేనే సంతకం."

ఆండాలు అత్తవైపు చూసింది. అత్త ముందు ఆ పేరు ఎత్తడం ఆమె వల్ల కాదు. సోమమ్మ మొండిగా తల అడ్డంగా ఊపింది. "నా నోటెంబడి రాదు."

పిల్లవాడు ఇదే సందని బల్ల కిందికి దూరి కిసుక్కున నవ్వాడు. "నానమ్మ దొంగ!"

"నేను దొంగనా?" సోమమ్మ విసురుగా లేచింది. "పొద్దటికెల్లి ఈ సారు, ఇప్పుడు నువ్వు! నా మీదనే ఏస్తవా? అసలు దొంగ ఎవడో నేను చెప్త..."

పెదాలు కదిలాయి. పెళ్లయిన నాటి నుంచి నోట పలకని మాట అది. కొంగు తలమీదికి లాక్కుంది, ఎక్కడో ఆయన నిలబడి వింటున్నట్టు.

"రామచంద్రం," అంది మెల్లిగా.

బల్ల కింద నవ్వు ఆగింది. చిన్న తల బయటికి వచ్చి, తిన్నగా నానమ్మవైపు తిరిగింది.

"ఎవరండీ? వినబడలేదు," అన్నాడు వెంకటేశ్వరరావు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

సోమమ్మ ముఖమంతా విప్పారింది. గొంతు సవరించుకుని, కింద వీధిలో బస్సుల మోత మీంచి వినబడేలా అరిచింది.

"గూటాల దొంగ రామచంద్రం!"